నోరులేని జీవి భయానికి మనం జవాబుదారులమా?

పిల్లికి పాలు పోస్తున్నాం. మేకకు మేత వేస్తున్నాం. కోళ్ళకు గింజలు చల్లి, పొద్దుగూకగానే గంప కింద మూస్తున్నాం. ఇంతటితో వాటి హక్కు తీరిపోయినట్లేనా?

ధార్మిక సమావేశాల తర్వాత సోదరీమణులు అడిగే ప్రశ్నల్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది. టపాకాయల మోతకు ఇంట్లో పిల్లి మంచం కిందికి దూరిపోతుంది, తెల్లవారినా బయటికి రాదు, అన్నం ముట్టదు. ఇంట్లో వాళ్ళు దాన్ని చూసి నవ్వుతారు. చీపురుతో బయటికి లాగేవాళ్ళూ ఉంటారు. ఇందులో గునాహ్ ఏమైనా ఉందా అని అడుగుతారు. అడిగిన వెంటనే, ఇంత చిన్న విషయానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టామేమో అని మొహమాటపడతారు. మా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. పశువు పడే భయాన్ని షరీఅత్ ఒక బాధగా లెక్కించిందా? లెక్కిస్తే, ఆ బాధకు బాధ్యులు ఎవరు?

మొదటి ప్రశ్నకు సమాధానం కోసం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటనను చూద్దాం. ఇది సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులకు రెండు పిల్లలతో ఉన్న చిన్న పిట్ట కనిపించింది. వాళ్ళు ఆ పిల్లలను పట్టుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు చాచి వారి దగ్గరే కొట్టుకోసాగింది. అంతలో మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) అక్కడికి వచ్చారు. పిల్లల కోసం ఈ తల్లిని క్షోభపెట్టిందెవరని నిలదీసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ తల్లి పిట్టను ఎవరూ కొట్టలేదు. దాని ఒంటి మీద గాయం లేదు. అది ఆకలితోనూ లేదు. దాని గుండెలో రేగిన కలవరం ఒక్కటే అక్కడున్న బాధ. దైవప్రవక్త (స) ఆ కలవరాన్నే పట్టించుకున్నారు.

మరో ఉల్లేఖనం హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) గారిది. ఒక వ్యక్తి గొర్రెను జిబహ్ చేయడానికి నేల మీద పడుకోబెట్టి, దాని ఎదుటే కత్తి నూరుతున్నాడు. దైవప్రవక్త (స) అది చూసి, దీన్ని రెండుసార్లు చంపదలిచావా, పడుకోబెట్టకముందే కత్తి ఎందుకు నూరుకోలేదు అని మందలించారు. ఆ గొర్రెను కోయడం ధర్మసమ్మతమే. మరికొన్ని క్షణాల్లో దాని ప్రాణం పోబోతోంది. అయినా ఆ కొన్ని క్షణాల భయాన్ని ఆయన (స) ఒక పూర్తి మరణంతో సమానంగా లెక్కించారు. ప్రాణం తీయడానికి అనుమతించిన షరీఅత్, ఆ ప్రాణిని భయపెట్టడానికి మాత్రం అనుమతించలేదు. మొదటి ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం అవసరం లేదనుకుంటాం.

క్రీ.శ. 13వ శతాబ్దంలో డమాస్కస్, కైరో నగరాల్లో జీవించిన షాఫయీ విద్వాంసులు ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'ఖవాయిదుల్ అహ్‌కామ్' గ్రంథంలో మనిషిపై పశువులకుండే హక్కులను ఏకరువు పెట్టారు. పశువు ముసలిదై, జబ్బుపడి, దానివల్ల ఏ ప్రయోజనం లేకపోయినా దాన్ని పోషించాలి. మోయలేని బరువు మోపకూడదు. దానికి హాని చేసే జంతువుతో కలిపి కట్టకూడదు. అది పడుకునే చోటు బాగుండాలి. దాని పిల్లను దాని కళ్ళెదుట కోయకూడదు. జంతువులకు మనసేమిటి అని ఈనాటికీ కొందరు వాదిస్తుంటారు. ఏడున్నర శతాబ్దాల క్రితమే మన ఉలమా ఆ తల్లి మేక కళ్ళను కూడా హక్కుల జాబితాలో చేర్చారు.

ఇక రెండో ప్రశ్న. బాధ్యత ఎవరిది?

పిల్లిని బంధించి నరకం పాలైన స్త్రీ గురించిన హదీసు వినని ముస్లిం ఇల్లు బహుశా ఉండదు. అయితే ఆ హదీసును మనం సగమే గుర్తుపెట్టుకుంటాం. తిండి పెట్టలేదు కాబట్టి శిక్ష పడిందని చెప్పుకుంటాం. హదీసులో మరో మాట కూడా ఉంది. ఆమె తిండి పెట్టలేదు, పోనీ అది బయటికి వెళ్ళి పురుగూ పుట్రా తిని బ్రతికేలా వదిలిపెట్టనూ లేదు. అంటే ఆమె ఆ పిల్లి చేతిలో ఉన్న ఉపాయాన్ని లాక్కుంది, లాక్కున్నదాని స్థానంలో ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఈ సూత్రాన్ని భయానికి అన్వయించి చూడండి. పెద్ద శబ్దం వినపడగానే దూరంగా పారిపోవడం ప్రతి ప్రాణికీ అల్లాహ్ ఇచ్చిన రక్షణోపాయం. అడవిలో జింకకు ఆ దారి ఉంది. మన గుంజకు కట్టిన మేకకు లేదు. మూడో అంతస్తు ఇంట్లో తలుపులు మూసి పెంచుకునే పిల్లికి లేదు. గూట్లో పావురానికి లేదు, పంజరంలో పిట్టకు అసలే లేదు. వాటి దారిని మూసింది మనం. మూసినవాళ్ళే ఆశ్రయం చూపాలి. తాడు కట్టిన చేతికి తిండి బాధ్యత ఎలా వస్తుందో, భయం నుంచి చాటు చూపే బాధ్యత కూడా అలాగే వస్తుందని మేము భావిస్తున్నాం.

ఫిఖహ్‌లో పశువు పోషణ గురించి చర్చ ఉంది. యజమాని తిండి పెట్టకపోతే ఖాజీ అతన్ని బలవంతపెట్టవచ్చని ఇమామ్ అబూ యూసుఫ్, ఇంకా మిగతా మూడు మజ్‌హబ్‌ల ఇమాములు అన్నారు. హనఫీ మజ్‌హబ్‌లోని ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం ఖాజీ బలవంతపెట్టడు గాని, అల్లాహ్ సన్నిధిలో మాత్రం ఆ యజమాని దోషి అవుతాడు. పిల్లి వచ్చి ఏ కోర్టులోనూ ఫిర్యాదు చేయదు. కాబట్టి మన ఇళ్ళలో ఆచరణకు వచ్చేది ఈ రెండో మాటే.

కొందరు ఇలా అంటారు: ఉరుమును పుట్టించింది కూడా అల్లాహ్‌యే కదా, అప్పుడు కూడా పశువులు బెదురుతాయి కదా, మరి దానికేమంటారు? నిజమే. ఉరుము ఆయన పవిత్రతను కొనియాడుతోందని దివ్యఖుర్ఆన్ అర్రఅద్ సూరాలో ఉంది. ఉరుమును ఆపడం మన చేతిలో లేదు. వర్షంలో గుంజ దగ్గర తడుస్తున్న మేకను వసారాలోకి తోలుకురావడం మన చేతిలో ఉంది. మనల్ని అడిగేది మన చేతిలో ఉన్నదాని గురించే. ఇంకొందరు, లోకంలో మనుషులే వణికిపోతుంటే మేకల గురించి ఈ గోలేమిటి అంటారు. ఈ మాట అనేవారిలో ఎక్కువమంది వణికే మనుషుల కోసం కూడా ఏమీ చేయడం లేదన్నది మా అనుభవం.

'పోనుపోను అదే అలవాటు పడుతుంది' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. దీన్ని కొంచెం పరిశీలించాలి. మసీదు పక్కింట్లో పెరిగిన పిల్లి అజాన్‌కు బెదరదు. ఆ శబ్దం రోజూ వస్తుంది, ఒకే విధంగా వస్తుంది, దాని వెంట ఏ కీడూ రాదు. టపాకాయ అలాంటిది కాదు. ఏడాదిలో ఏ కొన్ని రోజులో, ఎప్పుడు ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా, మెరుపుతో, మందు వాసనతో వస్తుంది. ఇలాంటి శబ్దానికి చాలా జంతువులు అలవాటు పడవు సరికదా, ఏటేటా భయం పెరగవచ్చు. మొదట టపాకాయకు బెదిరింది, తర్వాత తలుపు ధడాలున పడినా బెదురుతుంది.

వాటి చెవులు మన చెవుల్లాంటివి కావు. మనిషికి వినపడే శబ్దాల పైహద్దు సుమారు 20 వేల హెర్ట్జ్‌లు. కుక్కకు అది 45 వేల దాకా, పిల్లికి 60 వేలు దాటి ఉంటుంది. ఎలుక గోడలో గీకే సన్నని చప్పుడును పట్టుకోవడానికి అల్లాహ్ ఇచ్చిన చెవి అది. మన దేశంలో 1999లో చేసిన నిబంధన ప్రకారం పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్‌కు మించి మోత చేసే టపాకాయలను తయారు చేయకూడదు, అమ్మకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట ఉండవలసిన శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరమో చూడండి. డెసిబెల్స్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు పెరుగుతుంది.

మరి ఏం చేయాలి? ఇక్కడ కూడా దైవప్రవక్త (స) ఆచరణ మనకు దారి చూపుతుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనంలో ఒక అన్సారీ తోటలోని ఒంటె ప్రస్తావన ఉంది. దైవప్రవక్త (స)ను చూడగానే అది మూలిగింది, కన్నీరు కార్చింది. ఆయన (స) దగ్గరికి వెళ్ళి దాని చెవుల వెనుక నిమిరారు. అది శాంతించింది. ఆ తర్వాతే దీని యజమాని ఎవరని అడిగి, ఆకలితో మాడుస్తూ అలసిపోయేలా పనిచేయిస్తున్నందుకు అతన్ని మందలించారు. వరుస గమనించారా? ముందు ఓదార్పు, తర్వాత విచారణ.

భయపడే జంతువును ఓదారిస్తే దాని భయం ఇంకా ముదురుతుందని వెనుకటికి కొందరు చెప్పేవారు. పశువుల నడవడిని అధ్యయనం చేసేవారు ఇప్పుడు ఆ మాటను ఒప్పుకోవడం లేదు. భయం ఒక నేర్చుకున్న అల్లరి కాదు, నిమిరితే పెరగడానికి. జంతువు మీ దగ్గరికి వస్తే ఒడిలోకి తీసుకోండి, మెల్లగా మాట్లాడండి, నిమరండి. దాక్కోవాలనుకుంటే దాక్కోనివ్వండి. దాక్కున్న చోటు నుంచి లాగడం, కసరడం, కొట్టడం మాత్రం కూడదు. చీపురుతో లాగడం గురించి అడిగిన సోదరీమణులకు మా సమాధానం ఇదే: ఆశ్రయం వెతుక్కున్న ప్రాణి ఆశ్రయాన్ని లాక్కోవడం జుల్మ్, అది నవ్వులాట కోసమైతే మరింత జుల్మ్.

టపాకాయలు మోగుతాయని ముందే తెలిసిన రోజుల్లో కొంచెం ముందుచూపు ఉంటే చాలు. పొద్దు ఉండగానే పిల్లిని లోపలికి పిలిచి తిండి పెట్టేయండి. బెదిరిన పిల్లి దిక్కుతెలియకుండా పరుగెత్తి దారి తప్పిపోతుంది, బండ్ల కింద పడుతుంది. కాబట్టి వీధి తలుపు వేసి ఉంచాలి. ఇంట్లో లోపలి గది ఒకటి చూసి, కిటికీలు మూసి, పరదా దించండి. ఒక అట్టపెట్టెను పక్కకు తిప్పి పెట్టి, అందులో మీ పాత దుపట్టా ఒకటి పరవండి. మీ వాసన దానికి ధైర్యం. పంఖా తిరుగుతూ ఉంటే బయటి మోత కొంత మరుగున పడుతుంది. నీళ్ళ గిన్నె, మట్టి తొట్టి ఆ గదిలోనే పెట్టండి.

మేక ఒంటరిగా ఉంటే ఎక్కువ బెదురుతుంది, అది మందలో బ్రతికే జీవి. రెండు మేకలుంటే వాటిని విడదీయవద్దు. మెడకు బిగిసే ముడి వేసి కడితే, బెదిరి గుంజుకున్నప్పుడు ఉరి పడవచ్చు. బక్రీదుకు నాలుగు రోజుల ముందు తెచ్చి అపార్టుమెంటు గేటు దగ్గర, బండ్ల హారన్ల మధ్య కట్టే మేకల సంగతి ఆలోచించండి. ఖుర్బానీ కోసం తెచ్చిన జంతువును ప్రేమగా చూడమని పిల్లలకు చెబుతాం, కట్టే చోటు మాత్రం చూసుకోం. కోళ్ళు బెదిరితే ఒక మూలకు ఎగబడి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. ఇరుకు గంప కింద ఎక్కువ కోళ్ళను మూయకండి. పావురాల గూటికి, పిట్టల పంజరానికి గాలి ఆడేలా ఒక పక్క వదిలి మందపాటి బట్ట కప్పండి. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాం, మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ పంజరానికి బట్ట వెతికే పని పెట్టుకోకుండా అటవీ శాఖ వారికి అప్పగించడం మేలు.

పండుగకు ఇంకా రెండు మూడు నెలలు ఉంటే మరో పని చేయవచ్చు. సెల్‌ఫోన్‌లో టపాకాయల శబ్దాన్ని వినీ వినపడనంత తగ్గించి పెట్టి, అదే సమయంలో పిల్లికి ఇష్టమైన చేప ముక్క పెట్టండి. అది బెదరకుండా తింటే కొన్ని రోజులకు శబ్దాన్ని ఒక మెట్టు పెంచండి. బెదిరితే మళ్ళీ తగ్గించండి. తొందరపడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. హజ్రత్ ఆయిషా (రజి) మాట వినని ఒంటె మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ గట్టిగా తిప్పుతుంటే, మృదువుగా ఉండమని దైవప్రవక్త (స) ఆమెకు హితవు చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హితవు ఈ శిక్షణకు సరిగ్గా సరిపోతుంది.

భయం మరీ ఎక్కువైతే, అంటే తిండి మానేయడం, చొంగ కార్చడం, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తే పశువైద్యుణ్ణి సంప్రదించాలి. దానికి మందులున్నాయి. మనం వాడే మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి. మనకు జ్వరానికి వాడే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. భయంతో ఉన్న పిల్లి జానమాజ్ మీద మూత్రం పోయవచ్చు. పిల్లి ఎంగిలి విషయంలో సౌలభ్యం ఉంది, అది మీ చుట్టూ తిరుగాడే జీవి అని హదీసులో ఉంది. మూత్రం మాత్రం నాపాక్. ఉతికేయండి, పాక్ అవుతుంది. అందుకు పిల్లిని కొట్టవలసిన పని లేదు. వీధికుక్క వణుకుతూ మీ అరుగు కిందికి చేరితే తరమకండి. పొడిగా ఉన్న కుక్క ఒళ్ళు తగిలినంత మాత్రాన హనఫీ ఫిఖహ్ ప్రకారం బట్టలు అపవిత్రం కావు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపినందుకే ఒక వ్యక్తికి మన్నింపు లభించిందని బుఖారీ హదీసు.

ఇంతవరకు బయటినుంచి వచ్చే శబ్దం గురించి మాట్లాడాం. మనమే చేసే శబ్దం సంగతేమిటి?

దీపావళి రాగానే పొరుగువారి టపాకాయల గురించి మాట్లాడేవారు, ముందు మన షబె బరాత్‌ను, మన పెళ్ళిళ్ళను చూసుకోవాలి. షబె బరాత్ రాత్రి టపాకాయలు కాల్చడాన్ని మన ఉలమా ఎప్పటినుంచో ఖండిస్తూనే ఉన్నారు. హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మతుల్లాహి అలైహి) గారి 'బహిష్తీ జేవర్' కూతురికి జహేజ్‌లో ఇచ్చే ఇళ్ళున్నాయి. అందులో ఆతిష్‌బాజీ గురించి రాసింది మాత్రం ఎవరూ చదవరు కాబోలు. పొరుగువారితో మంచిగా మాట్లాడండి, మా మేక ఈనే రోజులు, కాస్త ఆ చివరన కాల్చుకోండి అంటే విననివారు తక్కువ. కాని మన పిల్లలు కుక్క తోకకు సీమటపాకాయల జడ కడుతుంటే చూసి నవ్వి, పొరుగువారికి చెప్పబోతే ఆ మాటకు విలువ ఉండదు. ప్రాణమున్న జీవిని గురిపెట్టి ఆడుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలియజేశారు. తోకకు టపాకాయలు కట్టడం ఆ ఆటకు తోబుట్టువే.

సహీహ్ బుఖారీలోని ఒక ఉల్లేఖనం ఈ సందర్భంలో చాలా విలువైనది. హజ్జ్‌లో అరఫాత్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు దైవప్రవక్త (స)కు వెనుకనుంచి పెద్దగా అదిలింపులు, ఒంటెలను కొడుతున్న చప్పుడు, వాటి అరుపులు వినిపించాయి. ఆయన (స) కొరడాతో సైగ చేసి జనాన్ని నెమ్మదించమన్నారు, పరుగులు పెట్టించడంలో పుణ్యం లేదన్నారు. అది ఆరాధనల్లో కెల్లా గొప్ప ఆరాధన జరుగుతున్న రోజు. అక్కడే ఆ హడావుడిని ఆయన (స) సహించలేదు. ఇక మన బారాత్ ఏపాటిది?

మన బారాత్‌లో అందరికంటే ఎక్కువ బాధపడేది పెళ్ళికొడుకును మోసే గుర్రం. వెనుక డీజే, పక్కన మర్ఫా, కాళ్ళ ముందు పేలే టపాకాయలు. గుర్రం స్వభావమే బెదిరితే పరుగెత్తడం. కళ్ళెం దాన్ని ఆపుతుంది కాబట్టి నిలబడి ఉంటుంది. ఆ నిలబడడాన్ని మనం హుందాతనం అనుకుంటాం. దాని చెవులు వెనక్కి అణగిపోవడం, కంటి తెల్లగుడ్డు బయటపడడం, నోటినుంచి నురగ రావడం గమనించినవారికి అసలు విషయం తెలుస్తుంది. అన్నమ్ల్ సూరాలోని చీమ తన తోటి చీమలను హెచ్చరిస్తూ, సులైమాన్ (అలైహిస్సలామ్), ఆయన సైన్యాలు తమకు తెలియకుండానే మిమ్మల్ని తొక్కేస్తారేమో, పుట్టల్లోకి వెళ్ళిపొండి అంది. తెలియక చేస్తారని చీమే వారికి సాకు వెతికి పెట్టింది. బారాత్ వారికి ఆ సాకు కూడా లేదు. కళ్ళెం పట్టుకున్న మనిషి గుర్రం బెదురుతోందని అరుస్తూనే ఉంటాడు.

రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా మోత చేసే టపాకాయలు కాల్చడాన్ని సుప్రీంకోర్టు 2005లోనే నిషేధించింది. మన బారాత్‌లు బయలుదేరేదే ఆ వేళకు. పెళ్ళిలో సున్నత్ వలీమా, బారాత్ కాదు. గుర్రం లేకపోతే నికాహ్‌కు ఏ లోటూ రాదు. పెద్దల పట్టుదల వల్ల గుర్రం తప్పదనుకుంటే, బయానా ఇచ్చే రోజునే టపాకాయలు ఉండవని, బాజా గుర్రానికి చాలా ముందు నడుస్తుందని మాట తీసుకుని, ఆ మాట మీ ఇంటి కుర్రాళ్ళకు కూడా చెప్పండి. టపాకాయల కోసం విడిగా తీసి పెట్టిన సొమ్ముతో వలీమా దస్తర్‌ఖాన్ మీద వీధిలోని పేదలను మరో పాతిక మందిని కూర్చోబెట్టవచ్చు. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డ భోజనమని హదీసు.